ఒంటికి నేసిన దుప్పటి ఇంటికెలా నప్పుతుంది?

అమెరికా నైరుతి మూల ఆరిజోనా, న్యూ మెక్సికో, యూటా, కొలరాడో రాష్ట్రాల సరిహద్దులు నాలుగూ ఒక్కచోట కలుస్తాయి. చుట్టూ ఎర్రమట్టి ఎడారి, రాతి గుట్టలు, గొర్రెల మందలు. అక్కడి నవాహో జాతి స్త్రీలు నేసే ఉన్ని దుప్పట్లకు లోకమంతా పేరుంది. ఎరుపు, నలుపు, తెలుపు, నీలం అడ్డచారలు, మెట్లు మెట్లుగా దిగే వజ్రాకారాలు, రంపపు పళ్ళలాంటి అంచులు. ఈ నమూనాలనే ఇప్పుడు పడకగది సెట్లుగా మార్చి అమ్ముతున్నారు. మంచం నిండా పరిచే కంఫర్టరు, దానికి జోడుగా దిండు గలీబులు, అదే బొమ్మతో కిటికీ తెరలు, కాళ్ళకింద పట్టా. ఫీనిక్స్‌లోనో డాలస్‌లోనో కొత్తగా ఇల్లు కొనుక్కున్న మన తెలుగు కుటుంబాలకూ దుకాణాల్లో ఇవి తగులుతూనే ఉంటాయి. దుంగల ఇల్లయినా, మట్టిపూత గోడల ఇల్లయినా ఈ సెట్టు పరిస్తే చాలు, నాటు అందం దానంతటదే వచ్చేస్తుందని అమ్మేవాళ్ళ మాట. నేను చెప్పబోయేది దీనికి ఎదురు. ఈ దుప్పటి ఒక్కటిగా, ఏదో ఒక వాడకంలో ఉన్నప్పుడే ఇంటికి నప్పుతుంది. జతకట్టి మంచమంతా పరిచేస్తే మిగిలేది బొమ్మ మాత్రమే.

ముందు అది దేనికోసం పుట్టిందో చూద్దాం. నవాహోల పేరుపడ్డ దుప్పటి మొదట్లో పక్కబట్ట కాదు, ఒంటిమీది బట్ట. 19వ శతాబ్దంలో ‘చీఫ్ బ్లాంకెట్’ అని పిలిచిన రకాన్ని భుజాల చుట్టూ కప్పుకునేవారు. నేసింది నవాహోలే అయినా, ఎంతో ఇచ్చి కొనుక్కున్నవాళ్ళలో యూట్ జాతివాళ్ళూ, ఉత్తరాన మైదానాల్లో తిరిగే జాతులవాళ్ళూ ఎక్కువ. మనం వాడే దుప్పటికి పొడవెక్కువ, వెడల్పు తక్కువ. దీనికి పడుగు పొట్టి, పేక వెడల్పు. అందుకే చారలు ఒంటి చుట్టూ అడ్డంగా తిరుగుతాయి. తొలిదశలో ఉన్నవి చారలే. తర్వాత ఆ చారల్లోకి ఎర్రటి దీర్ఘచతురస్రాలు వచ్చాయి. మూడో దశలో వజ్రాలు వచ్చాయి. ఆ మూడో దశ దుప్పటిని నేలమీద పరిచి చూస్తే నడిమధ్య ఒక నిండు వజ్రం, నాలుగు అంచుల నడుమ నాలుగు అరవజ్రాలు, నాలుగు మూలల్లో నాలుగు పావువజ్రాలు కనిపిస్తాయి. అరకొరగా తెంపినట్టున్న ఆ ముక్కలెందుకో అలా చూస్తే అంతుపట్టదు. భుజాలమీద వేసుకుని ముందు రెండు అంచులూ దగ్గరికి లాగితే తెలుస్తుంది. రెండు అరవజ్రాలూ రొమ్ము మీద కలిసి ఒకటవుతాయి, నడిమి వజ్రం వీపున నిలుస్తుంది. మగ్గం ముందు కూర్చున్నామె లెక్కలో మనిషి ఒళ్ళు ముందే ఉందన్నమాట. అదే దుప్పటిని మంచం మీద పరిచి, పైభాగం దిండ్ల కింద దాచి, పక్కలు పరుపు కిందికి దోపితే ముందు మాయమయ్యేవి ఆ సగాలూ పావులే.

మరి నవాహోలు పక్కకు ఏమీ వాడలేదా అంటే, వాడారు. పడుకోడానికి గొర్రెతోళ్ళు పరుచుకునేవారు, ముతకగా నేసిన సాదా చారల దుప్పట్లు కప్పుకునేవారు. ‘హోగన్’ అనే వాళ్ళ ఇంటికి గుమ్మం తూర్పుకు ఉంటుంది. ఆ గుమ్మానికి తెరగా కట్టింది కూడా ముతక దుప్పటే. జీను కింద వేసింది ఇంకా మందంది. అంటే ఒక్కో పనికి ఒక్కో నేత. తెలంగాణలోనూ రాయలసీమలోనూ గొర్రెలకాపరుల గొంగడిని ఎరిగినవాళ్ళకు ఇది వింతగా ఉండదు. నల్లగొర్రె ఉన్ని వడికి, చింతగింజల గంజి పట్టించి నేసిన గొంగడి వానకు గొడుగు, ఎండకు నీడ, రాత్రికి పక్క. దాని అందమంతా ఆ పనుల్లోనే ఉంది. దానికి జోడుగా దిండు గలీబులు కుట్టించాలని ఎవరికీ తోచదు.

ఇక అది తయారైన సరుకు సంగతి. 16వ శతాబ్దంలో స్పెయిన్ వాళ్ళు తెచ్చిన చూరో గొర్రెల ఉన్ని పొడుగ్గా ఉంటుంది, జిడ్డు తక్కువ. నీళ్ళకు కటకటలాడే ఎడారిలో ఎక్కువ కడగక్కర్లేని ఉన్ని దొరకడం చిన్న సంగతి కాదు. పక్కనే ఉండే ప్యూబ్లో జాతులు అంతకు ముందునుంచీ పత్తి నేసేవి. అక్కడ నేసేది మగవాళ్ళు. వాళ్ళనుంచి నిలువు మగ్గం నేర్చుకున్న నవాహోలలో మాత్రం నేత ఆడవాళ్ళ చేతిలోకి వచ్చింది. తెలుపు, నలుపు, గోధుమ రంగులు గొర్రెవే. తెల్ల ఉన్నీ నల్ల ఉన్నీ కలిపి ఏకితే బూడిద రంగు. నీలానికి నీలిమందు బయటినుంచి కొన్నారు. ఎరుపు దగ్గరే అసలు కష్టం. మంచి ఎరుపు ఆ నేలలో దొరకలేదు. అందుకని ఐరోపానుంచి వచ్చే ‘బయేటా’ అనే ఎర్రటి ఉన్ని బట్ట కొని, దాన్ని పోగుపోగుగా విప్పి, ఆ పోగులతో తిరిగి నేశారు. ఆ దారాలకు రసాయన పరీక్షలు చేస్తే పాతవాటిలో లక్క, తర్వాతివాటిలో కోచినీల్ పురుగు రంగు బయటపడ్డాయి. లక్క పుట్టేది మన దేశంలోనూ దాని తూర్పున ఉన్న ఆసియా దేశాల్లోనూ. అక్కడినుంచి ఐరోపా అద్దకం తొట్లలోకి, అక్కడినుంచి బట్టగా మెక్సికో మీదుగా ఎడారిలోకి. ఇంత తిరిగివచ్చిన రంగును దండిగా కుమ్మరించడం తేలిక కాదు. తొలి చీఫ్ దుప్పట్లలో ఎరుపు కొద్దిగా, సరిగ్గా కావలసిన చోట పడడానికి ఒక కారణం దాని ఖరీదు. సెట్టు నిండా పరుచుకున్న ఎరుపు చూసినప్పుడు కన్ను అలిసిపోవడానికీ కారణం ఇక్కడే వెతుక్కోవచ్చు. ఆ నమూనా పొదుపులో పెరిగింది.

ఇక్కడ చదువుకున్నవాళ్ళు ఒక గట్టి అభ్యంతరం తెస్తారు. అలంకరణ కోసం నేయడమన్నది ఈనాటి పాపమా? ఈ దుప్పటిని ఇంటి సామానుగా మార్చింది నూటపాతికేళ్ళ కిందటి వ్యాపారులు కాదా? నిజమే. 1863లో అమెరికా సైన్యం కిట్ కార్సన్ నాయకత్వంలో నవాహోల మీద పడి పంటలు, పండ్లతోటలు, మందలు నాశనం చేసింది. జనాన్ని 300 మైళ్ళకు పైగా నడిపించి బోస్కె రెడోండో శిబిరంలో పడేసింది. 1868 ఒప్పందంతో వాళ్ళు సొంత నేలకు తిరిగొచ్చారు. 15,000 గొర్రెలూ మేకలూ కొనివ్వాలన్నది ఆ ఒప్పందంలో ఒక షరతు. 1880ల మొదట్లో రైలు వచ్చింది. రైలుతో రసాయన రంగులు, పెన్సిల్వేనియానుంచి తయారు ఉన్ని దారం, మిల్లు దుప్పట్లు వచ్చాయి. ఒంటిమీదికి చవగ్గా మిల్లు దుప్పటి దొరికేసరికి, చేత్తో నేసినదానికి కొత్త కొనుగోలుదారు కావలసివచ్చాడు. తూర్పు రాష్ట్రాల ఇళ్ళలో అప్పుడు ‘ఇండియన్ మూల’ అని, అంటే అమెరికా ఆదిమజాతుల పేరుతో, గదిలో ఒక మూలను రగ్గులతో, బుట్టలతో అలంకరించుకునే మోజు. వ్యాపారులు మందంగా నేయండి, చుట్టూ అంచు కట్టండి, నేలమీద పరుచుకుంటారని అడిగారు. గనాడోలో 1878లో దుకాణం కొనుక్కున్న జాన్ లోరెంజో హబ్బెల్ తనకు నచ్చిన నమూనాలను చిన్న చిన్న బొమ్మలుగా వేయించి గోడకు తగిలించాడు. క్రిస్టల్ అనే ఊళ్ళో జె.బి.మూర్ 1911లో రంగుల క్యాటలాగే అచ్చేశాడు. అందులో బొమ్మ చూసి తపాలాలో తెప్పించుకోవచ్చు. కొందరు వ్యాపారులైతే నేతను తూకం వేసి కొన్నారు. తూకానికి కొంటే నేత ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. బరువు పెరిగింది, పనితనం పడిపోయింది.

కాబట్టి, ఎవరి చేయీ పడని స్వచ్ఛమైన సంప్రదాయం ఒకటి ఉందనీ, మనం దాన్ని చెడగొడుతున్నామనీ నేను అనను. మెక్సికోలోని సాల్టియో ఊరి ‘సరాపే’ అనే దుప్పట్లనుంచి వాళ్ళు రంపపు పళ్ళు తీసుకున్నారు, తూర్పుదేశాల తివాచీలనుంచి అంచు తీసుకున్నారు. అయితే తీసుకున్నాక ఏం చేశారన్నదే నాకు ముఖ్యం. ఊరికో తీరు పుట్టింది. గనాడో అంటే ముదురెరుపు. టూ గ్రే హిల్స్ అంటే అద్దకం జోలికి పెద్దగా పోకుండా గొర్రె రంగులే, సన్నటి నేత. వ్యాపారి గోడమీది బొమ్మను చూసి నేసినా ఏ ఇద్దరి చేతిలోనూ ఒకలా రాలేదు. హబ్బెల్ ఇల్లు ఇప్పటికీ ఉంది, అమెరికా ప్రభుత్వం దాన్ని జాతీయ చారిత్రక స్థలంగా కాపాడుతోంది. నా వాదనకు ఎదురుసాక్ష్యంగా చూపించదగ్గ ఇల్లది. హాలు నేలంతా రగ్గులు, గోడలనిండా బొమ్మలు, పైన దూలాల మధ్య కప్పుకు అంటించినట్టు బుట్టలు. ఎక్కడా పొదుపు లేదు. అయినా ఆ గది కంటికి బరువనిపించదు. ఎందుకంటే ఏ రగ్గూ పక్కదానికి జోడు కాదు, దేని నేత దానిదే. ఎన్ని ఉన్నాయన్నది కాదు పేచీ, అన్నీ ఒకటే అచ్చు కావడమే పేచీ.

గదిలో కన్ను ఎలా నడుస్తుందో ఆలోచిస్తే ఇది ఇంకా తేటపడుతుంది. దుంగల గోడకు దాని గీతలు దానికున్నాయి, పచ్చి ఇటుకల మీది మట్టిపూతకు చేతి గుర్తులున్నాయి. న్యూ మెక్సికో మట్టి ఇళ్ళలో గోడలు మందం, కిటికీలు చిన్నవి, వెలుగు ఒక పక్కనుంచే పడుతుంది. అలాంటి గదిలో మట్టిరంగు మధ్య ఒక్క ఎర్రటి దుప్పటి, మడతపెట్టి మంచం కాళ్ళవైపు వేసినా, బెంచీ వీపుమీద వేలాడేసినా, గదంతా దానివైపు తిరుగుతుంది. మడతలో వజ్రం పూర్తిగా కనపడకపోవచ్చు. చారలు కనిపిస్తాయి, నేత మందం కనిపిస్తుంది. పరుపుమీద సాదా తెల్లటిదో గోధుమరంగుదో నూలు దుప్పటి చాలు. తెరల మీద, గలీబుల మీద, పట్టా మీద మళ్ళీ అదే వజ్రం పడిందా, కన్నుకు ఆగే చోటు ఉండదు. పైగా ప్రింటు బట్టకు రెండో పక్క వెలవెలబోతుంది. చేనేతది ఎటు తిప్పినా ఒకటే, పేక పడుగును పూర్తిగా కప్పేస్తుంది కనుక.

ఇదంతా డబ్బున్నవాళ్ళ మాట, చేత్తో నేసింది ఎవరు కొనగలరు అని అడిగేవాళ్ళుంటారు. సరైన ప్రశ్న. నెలల తరబడి మగ్గం ముందు కూర్చుని నేసిందాన్ని చవగ్గా ఇమ్మనడం న్యాయం కాదు, అందరూ కొనలేరన్నదీ అంతే నిజం. జవాబు నవాహోల ఇళ్ళలోనే దొరుకుతుంది. ఆరిగాన్ రాష్ట్రంలోని పెండిల్టన్ ఊరి మిల్లును 1909లో బిషప్ సోదరులు చేపట్టారు. జకార్డు మగ్గాల మీద అక్కడ నేసిన ఉన్ని దుప్పట్లను ఎక్కువగా కొన్నది ఆదిమజాతుల ప్రజలే. పెళ్ళికి, పుట్టుకకు, చదువు పూర్తయినందుకు, ఆఖరికి చావుకు కూడా వాటిని కానుకగా కప్పుతారు. మిల్లు దుప్పటి మిల్లు దుప్పటిగానే వచ్చింది, వాడకంలో చోటు సంపాదించుకుంది. అలాంటి ఉన్ని దుప్పటి ఒక్కటి, చలికాలం నిజంగా కప్పుకునేది, చేత్తో నేసినదానికంటే చాలా చవగ్గా వస్తుంది. అది కూడా వద్దనుకుంటే సాదా చారల ఉన్ని కంబళి చాలు. చార ఎవరి సొత్తూ కాదు.

వజ్రం మాత్రం ఎవరి సొత్తు అని ఎదురు ప్రశ్న వస్తుంది. వాళ్ళు సాల్టియోనుంచి తీసుకోలేదా, మనం వాళ్ళనుంచి తీసుకుంటే తప్పేమిటి? ఆకారం మీద హక్కు తేల్చడం కష్టమే, నేను ఆ జోలికి పోను. పేరు మీద హక్కు మాత్రం తేలిన సంగతి. అమెరికాలో 1990నాటి చట్టం ప్రకారం, ఆదిమజాతివాళ్ళు చేయనిదాన్ని వాళ్ళు చేసిందని నమ్మించి అమ్మితే వ్యక్తికి మొదటి తప్పుకే రెండున్నర లక్షల డాలర్ల దాకా జరిమానా, అయిదేళ్ళ దాకా జైలు పడొచ్చు. ‘నవాహో’ పేరును సరుకులమీద వాడుకున్న ఒక పెద్ద బట్టల దుకాణాల సంస్థ మీద నవాహో ప్రభుత్వం 2012లో దావా వేసింది. 2016లో రాజీ కుదిరింది. పోచంపల్లి ఇక్కత్ నమూనాను మరమగ్గపు బట్ట మీద ప్రింటు కొట్టి ఇక్కత్ పేరుతో అమ్మడం చూసిన తెలుగువాళ్ళకు ఈ తగువు విడమరిచి చెప్పనక్కర్లేదు. చేనేతకు భౌగోళిక గుర్తింపు ఉన్నా, 1985 చట్టం కొన్ని రకాలను చేతిమగ్గాలకే కేటాయించినా, అచ్చుబట్ట అంగట్లో ముందే ఉంటుంది. ఇంకో ముడి కూడా ఉంది. ఈ నైరుతి నమూనాలతో ఉన్ని, నూలు జంపఖానాలు మన ఉత్తరాది నేతకేంద్రాలనుంచే అమెరికా వెళ్తుంటాయి. మెక్సికోలో తియోటిట్లాన్ ఊరి జపోటెక్ నేతగాళ్ళు కూడా వీటిని నేస్తారు. వాళ్ళదీ కష్టమే, వాళ్ళ నేతా మంచిదే. ఎవరు నేశారో వాళ్ళ పేరుతోనే అమ్మినప్పుడు ఎవరికీ ఫిర్యాదు ఉండకూడదు.

నమూనా నేసేవాళ్ళ చేతిలో ఉండటానికీ అచ్చు యంత్రం చేతిలో ఉండటానికీ తేడా తెలిసే ఘటన ఒకటుంది. తిరిగే దుంగల గుర్తు అని నవాహోలకు ఒకటుండేది, చూడ్డానికి మన స్వస్తిక్ లాంటిదే. పర్యాటకులకు నచ్చుతుందని వ్యాపారులు దాన్ని బాగా నేయించారు. జర్మనీలో నాజీలు అలాంటి గుర్తునే జెండాకెక్కించాక, 1940లో ఆరిజోనాలోని టూసాన్‌లో నవాహో, హోపి, అపాచీ, అప్పట్లో పాపగో అన్న తొహోనో ఓధం జాతుల ప్రతినిధులు ఇకపై దాన్ని తమ బట్టలమీద, బుట్టలమీద వేయబోమని సంతకాలు చేశారు. తమ గుర్తును తామే పక్కన పెట్టగలగడం కూడా హక్కే. కంఫర్టరు అచ్చుకొట్టే కంపెనీకి అలాంటి లెక్క ఏదీ ఉండదు, ఈ సీజనుకు ఏది పోతుందన్నదే లెక్క.

చివరి అభ్యంతరం సేకరణకర్తలది. వాడకం వాడకం అంటున్నారు, వాడితే పాడవదా అని. పాతవాటి విషయంలో ఒప్పుకుంటాను. 2001లో ఒక అమెరికన్ టీవీ కార్యక్రమంలో, ఇంట్లో కుర్చీ వీపుమీద పడి ఉన్న తొలిదశ దుప్పటికి నిపుణుడు మూడున్నర లక్షలనుంచి అయిదు లక్షల డాలర్ల దాకా విలువ కట్టాడు. 2012లో కాలిఫోర్నియా వేలంలో అలాంటిదే మరొకటి 18 లక్షల డాలర్లకు పోయింది. అలాంటివి ఎండ తగలని చోట, పురుగు పట్టకుండా భద్రంగా ఉండాల్సినవే. 1972లో లాస్ ఏంజెలస్ కౌంటీ మ్యూజియం వాటిని చిత్రాల్లా గోడలకు తగిలించి ప్రదర్శించింది. అక్కడినుంచే చాలామంది వాటిని కళగా చూడటం నేర్చుకున్నారు. నేను వాడకమంటున్నది కొత్తగా నేసినవాటికి. కొత్త నేత బతకాలంటే గొర్రె బతకాలి. 1930లలో నేల కోతకు గురవుతోందని ప్రభుత్వమే నవాహోల మందలను బలవంతంగా తగ్గించింది. చూరో జాతి 1970ల నాటికి అంతరించే దశకొచ్చింది. 1977లో లైల్ మెక్‌నీల్ అనే ఆచార్యుడు మొదలుపెట్టిన ప్రయత్నంతో మళ్ళీ కోలుకుంది. కొత్త దుప్పటి కొంటే ఆ ఉన్నికి ధర ఉంటుంది. పాతదాన్ని అద్దాలపెట్టెలో పెడితే అది దాచుకోవడం వరకే.

కొనేటప్పుడు చూడవలసింది అంచులు. నవాహో మగ్గం మీద పడుగు తెగని ఒకే దారం, రెండు కర్రల మధ్య పైకీ కిందికీ తిరుగుతుంది. నేత పూర్తయ్యాక కత్తెర పడదు, అందుకే కుచ్చులుండవు. నాలుగు వైపులా అంచు కట్టి, మూలల్లో చిన్న ముడులు తేలతాయి. పైఅంచు దగ్గరకొచ్చేసరికి వేళ్ళు దూరే సందు కూడా ఉండదు, అక్కడ సన్నటి పుల్లతో, సూదితో పోగు పోగు దూర్చాలి. ఆ చివరి అంగుళాలు మిగతాదానికంటే కొంచెం బిగుతుగా, ఒక్కోసారి వంకరగా కనిపిస్తే అది లోపమని బేరం చేయకండి. కాలితో తొక్కే మగ్గం మీద నేసిన మెక్సికో రకానికి పడుగు కోసిన చివరలు కుచ్చులుగా ముడేసి ఉంటాయి, లేదా లోపలికి దోపి ఉంటాయి. ఈ గుర్తుకు ఒక మినహాయింపు ఉంది. ‘గాలప్ త్రో’ అనే చిన్నరకం నవాహోలదే, అయినా దానికి ఒక చివర కుచ్చు ఉంటుంది. అంచులు చూశాక నేసినామె పేరు, ఊరు అడగాలి. న్యూ మెక్సికోలోని క్రౌన్‌పాయింట్‌లో నేసినవాళ్ళే తమ రగ్గులు తెచ్చి వేలానికి పెడతారు, అక్కడ ఆ రెండింటికీ జవాబు అవతలి బల్ల మీదే కూర్చుని ఉంటుంది.